ముద్దయీ, ముద్దాయి, మధ్యలో వకీల్

మా ఉర్దూ మీడియం బడిలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. నా హక్ నాకిప్పించండి అని అదాలత్ మెట్లెక్కినవాడు. ఎవరి మీద దావా వేశాడో వాడు 'ముద్దాఅలైహ్'. డిగ్రీలో తెలుగు చదివి, పత్రికలో చేరి కోర్టు వార్తలు రాయడం మొదలుపెట్టాక చూస్తే, తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు. ముద్దాఅలైహ్ తోక తెగి ముద్దాయిగా మిగిలిందని నా అనుమానం. రాజీనామా సంగతీ అంతే. మాకది ఇద్దరు రాజీ పడి రాసుకునే కాగజ్. తెలుగులో కొలువు వదిలేస్తూ ఇచ్చే కాగితం. తాఖీదు, జప్తు, వకాల్తా, జామీను... తెలుగు కోర్టు భాషలో సగం మా ఇంటి సామానే. గదులు మారాయంతే.

ఈ లఫ్జుల గోల ఇప్పుడెందుకంటే, పర్యావరణ చట్టంలో ఈ తలకిందులు నిజంగానే జరిగింది. మామూలు దావాలో నష్టపోయానన్నవాడు రుజువు చూపాలి. ఇక్కడ కార్ఖానా పెట్టేవాడే నా వల్ల నుక్సాన్ లేదని చూపాలి. ఆ మాట మన దేశంలో గట్టిగా స్థిరపడింది మన ఇలాఖా కేసులోనే. 1908లో మూసీ వరద శహర్‌ని ముంచాక కట్టిన జంట చెరువులు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ మీకు తెలుసు. ఒకటి నిజాం పేరు, ఇంకోటి ఆయన పెద్ద కొడుకు పేరు. ఒక నూనెల కంపెనీ 1993లో శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొన్నది. ఆముదం నుంచి రకరకాల రసాయనాలు తీసే కార్ఖానా పెడతానన్నది. చెరువులకు 10 కిలోమీటర్ల లోపల అలాంటివి కూడదని 1996లో 111 జీవో వచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇవ్వనన్నది. కంపెనీ అప్పీలుకు పోయి, మా టెక్నాలజీ శుభ్రమైనదని నిపుణుడి అఫిడవిట్ పెట్టి గెలిచింది. అక్కణ్ణుంచి కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు, ప్రమాదం లేదని రుజువు చేసే బరువు కంపెనీదేనన్నది. 2000 డిసెంబరులో కంపెనీ పూర్తిగా ఓడింది. మధ్యలో ప్రభుత్వం ప్రత్యేకంగా ఇచ్చిన మినహాయింపు కూడా నిలవలేదు. (అదే 111 జీవోని 2022లో తెలంగాణ ప్రభుత్వం 69 జీవోతో ఎత్తేసింది. ఆ కిస్సా మరోసారి.)

ఈ తీర్పును నేను లాయర్లతో మాట్లాడిన ప్రతిసారీ గుర్తు చేసుకుంటాను. అందులో కారోబార్ చేసేవాళ్లకు ఒక పాఠం ఉంది. రుజువు బరువు నీ నెత్తిన ఉన్నప్పుడు నీకు వకీల్ కావలసింది కోర్టులో కాదు, భూమి కొనక ముందు. ఈ జమీన్ మీద పడిన వాన ఎటు పారుతుంది, కింద ఎవరు తాగుతారు అని అడిగే మనిషి అప్పుడు కావాలి.

పెద్ద కంపెనీలకు ఈ సంగతి తెలుసు. వాళ్లు పాత ఫ్యాక్టరీ కొంటుంటే వకీళ్లు ముందే వచ్చి మట్టి పరీక్ష చేయిస్తారు. పాత యజమాని పాతిపెట్టిన పీపాలకు రేపు ఎవరు జవాబుదారో అగ్రిమెంటులో రాయిస్తారు. 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తెచ్చుకోవడం ఒక ఎత్తు. దాంతో వచ్చే షరతులను ఒక్కొక్కటిగా చదివి, ఏది ఏ డిపార్టుమెంటు పనో పంచి, జూన్ 1కీ డిసెంబరు 1కీ అర్ధసంవత్సరం నివేదిక పోయేలా చూడడం ఇంకో ఎత్తు. చట్టం కూడా ఒక్కచోట నిలవదు. ముందే కార్ఖానా కట్టేసి తర్వాత అనుమతి తెచ్చుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 మేలో అన్నది. అదే ఏడాది నవంబరులో ఆ తీర్పును తనే వెనక్కి తీసుకుంది. ఇలాంటివి వెంటబడి చదివేవాళ్లని కంపెనీలు జీతాలిచ్చి పెట్టుకుంటాయి.

చిన్నవాళ్ల సంగతి వేరు. మా ఖాలా కొడుకు సంగతి చెబుతాను. రాయి భాయ్, "మగర్ నామ్ నక్కో" అన్నాడు. కాబట్టి పేరు లేదు, ఇలాఖా లేదు.

వాడిది శహర్ అంచున ఎలక్ట్రోప్లేటింగ్ కార్ఖానా. కుళాయిలకు, తలుపు గొళ్లాలకు, మోటారు సైకిల్ సామానుకు నికెల్, క్రోమ్ పూత పూస్తారు. పదకొండు మంది పనివాళ్లు, అందులో నలుగురు బిహార్ పిల్లలు. తళతళ మెరిసే కుళాయి వెనక ఏముంటుందో చూడాలంటే పూత పూశాక సామాను కడిగే తొట్టి చూడాలి. ఆ పసుపుపచ్చ నీళ్లలో ఆరు సంయోజకతల క్రోమియం ఉంటుంది, అది కేన్సర్ తెచ్చే రకం. ముందు ఆమ్లం కలిపి పీహెచ్ దించాలి, సోడియం మెటాబైసల్ఫైట్ వేసి దాన్ని మూడు సంయోజకతల క్రోమియంగా మార్చాలి, తర్వాత సున్నం వేసి అడుక్కు దించాలి. పైన మిగిలిన నీళ్లలో ఆ పాడు క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. అడుగున మిగిలిన బురద ప్రమాదకర వ్యర్థం. దాన్ని మామూలుగా 90 రోజులకు మించి ఉంచుకోకూడదు. లెక్క రాసి దుండిగల్‌లో ఉన్న పారవేత కేంద్రానికి పంపాలి.

మావాడికి ఇదంతా తెలియదని కాదు. పని ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడు, రసాయనం చేత్తో తెలుసు. తెలియనిది కాగజ్. దాని కోసం ఒక కన్సల్టెంట్‌ని పెట్టుకున్నాడు. ఏటా డబ్బులు పోయేవి, "హో జాతా భాయ్" అనే జవాబు వచ్చేది. ప్లేటింగ్ రెడ్ కేటగిరీలోది, గడువు అయిపోయేలోపు ఆపరేషన్ అనుమతిని రెన్యువల్ చేయించాలి. ఆ గడువు దాటి పద్నాలుగు నెలలైంది. ఎవరో ఫిర్యాదు చేశారు, తనిఖీ జరిగింది, నీళ్ల శాంపిల్ తీశారు. షోకాజ్ తాఖీదు వచ్చింది, పదిహేను రోజుల్లో జవాబివ్వమని. మావాడు దాన్ని ఫోటో తీసి కన్సల్టెంట్‌కి వాట్సాప్ పంపి ఊరుకున్నాడు. రంజాన్ నెల, ఈద్ ఆర్డర్లు. పదిహేను రోజులు దాటాయి. నీటి చట్టం 33ఎ సెక్షన్ కింద మూసివేత ఉత్తర్వు వచ్చింది. అది వచ్చిందంటే కరెంటు వాళ్లకూ ఒక కాపీ పోతుంది.

"భాయ్, కరెంట్ కాట్‌కో చలే గయే. తుమే పేపరాఁ మే హైనా, కిస్‌కు తో బీ ఫోన్ కర్‌కో బోలో" అని నాకు ఫోన్. జర్నలిస్టు ఉన్న ప్రతి ఖాందాన్‌లో ఈ ఫోన్ వస్తుంది. నేను చేసిందల్లా ఒక లాయరమ్మ నెంబరివ్వడం. చెన్నైలో ఉన్న ఎన్జీటీ దక్షిణ బెంచి ముందు వాదించే మనిషి. మన రెండు రాష్ట్రాల కేసులూ ఆ బెంచి కిందికే వస్తాయి. పాత కేసుల వార్తల కోసం ఆమెను చాలాసార్లు కలిశాను. ముక్కుసూటి మనిషి.

నేనూ వాడితో వెళ్లాను. ఆమె కేసు సంగతి అడగలేదు. అనుమతి పత్రం, కరెంటు బిల్లులు, రసాయనాలు కొన్న బిల్లులు, బురద పంపిన రసీదులు, అన్నీ రెండేళ్లవి తెమ్మన్నది. మావాడు ప్లాస్టిక్ సంచీలో తెచ్చి టేబుల్ మీద పోశాడు. ఆమె గంటన్నర చదివింది. ఛాయ్ చల్లారిపోయింది.

"మీరు నెలకి ఎన్ని లీటర్ల నీళ్లు వదులుతారో అనుమతిలో ఉంది. దానికి ఎంత మెటాబైసల్ఫైట్ కావాలో లెక్క ఉంది. మీరు కొన్నది అందులో మూడో వంతు. అంటే మూడు రోజుల్లో రెండు రోజులు ఊరికే వదిలారు. మీ బిల్లులే మీ మీద సాక్ష్యం చెబుతున్నాయి, తమ్ముడూ" అన్నది.

మావాడు తల వంచుకున్నాడు.

తర్వాత అసలు మాట వచ్చింది. ట్రీట్‌మెంట్ లాగ్‌బుక్ ఏదని అడిగింది. రోజూ ఎన్ని గంటలు శుద్ధి చేశారో రాయాల్సిన రిజిస్టర్ అది. ఎనిమిది నెలల పేజీలు ఖాళీ. కన్సల్టెంట్ దానికి ఇలాజ్ చెప్పాడట, రాత్రికి రాత్రి రెండు మూడు రంగుల పెన్నులతో నింపేద్దామని. మావాడు ఆ మాట ఆమెకు చెప్పాడు, అమాయకంగానే. ఆమె కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"అది నింపితే నేను వకాల్తా వేయను. నింపి నాకు చెప్పకుండా తెస్తే, తెలిసిన రోజు వదిలేస్తాను. ఖాళీగా ఉందని ఒప్పుకుంటే జుర్మానాతో పోతుంది. దొంగ రిజిస్టర్ పెడితే మీ మీద ఇంక ఎవరూ దేన్నీ నమ్మరు, నిజం చెప్పినా సరే."

బడిలో మౌల్వీ సాబ్ అల్లాహ్ తొంభై తొమ్మిది నామాల్లో 'అల్ వకీల్' ఒకటని చెప్పేవారు. తన పనులన్నీ ఎవరి చేతుల్లో పెట్టి నిశ్చింతగా ఉండొచ్చో ఆయన. మనుషుల్లో వకీళ్లకు అంత పెద్ద పేరెందుకిచ్చారా అని చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం. ఆ రోజు ఆమె ముందు కూర్చున్నప్పుడు ఆ పాఠం గుర్తొచ్చింది. మావాడి కారోబార్‌ని నిజంగా చేతుల్లోకి తీసుకున్నది 'హో జాతా' అన్నవాడు కాదు, కాదు పొమ్మన్న ఈమె.

ఆమె ఏం చేసిందో చెబుతాను, పర్యావరణ వకీల్ పని ఏమిటో అందులో తెలుస్తుంది.

మొదట పోరాడాల్సిన చోటు ఉందా అని వెతికింది. శాంపిల్ తీసే పద్ధతి నీటి చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. అప్పటికప్పుడు నోటీసివ్వాలి, యజమాని ముందే రెండు భాగాలు చేయాలి, సీలు వేసి ఇద్దరూ దస్తఖత్ చేయాలి. అందులో ఏ ముక్క తప్పినా ఆ రిపోర్టును సాక్ష్యంగా పెట్టలేరు. చాలామంది వకీళ్లు ఇక్కడే కేసు కొట్టేయిస్తారు. ఆమె కాగితాలన్నీ చూసి, పద్ధతి ప్రకారమే తీశారు, ఇక్కడ మీకేం లేదన్నది. మూసివేత మీద 30 రోజుల్లో ఎన్జీటీకి అప్పీలు పోవచ్చు, తగిన కారణముంటే ఇంకో 60 రోజులు ఇస్తారు. ఆ దారీ వద్దన్నది. చెన్నై చుట్టూ తిరిగే ఖర్చుతో శుద్ధి తొట్టి బాగవుతుంది, క్రోమియం 0.1 ఉండాల్సిన చోట 1.8 వచ్చిన రిపోర్టు పట్టుకుని ఏ బెంచి ముందు నిలబడతారు అన్నది.

అప్పీలు బదులు మండలికి ఒక అర్జీ రాసింది. మూడు పేజీలు. ఏం తప్పు జరిగిందో ఒప్పుకుంటూ, ఏం మార్చబోతున్నామో తేదీలతో. కొత్త తొట్టి, డోసింగ్ పంపు, శుద్ధి ప్లాంటుకు వేరే కరెంటు మీటరు. మీటరు తిరిగిందంటే ప్లాంటు నడిచిందని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు, నింపే రిజిస్టర్ కన్నా అది గట్టి గవాహీ. దాంతోపాటు బ్యాంకు గ్యారంటీ. షెడ్డు వెనక పేరుకున్న బురద సంచులను ముందు దుండిగల్ పంపించి, రసీదులు జత చేసింది.

ఆ తర్వాత జుర్మానా లెక్క. పేరుకి పర్యావరణ పరిహారం. దీనికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక సూత్రం చేసింది. లెక్కలంటే భయపడేవాళ్లకు కూడా అర్థమయ్యేంత సులువు. రెడ్ కేటగిరీకి 80, ఆరెంజ్‌కి 50, గ్రీన్‌కి 30 పాయింట్లు. దాన్ని 250 రూపాయలతో గుణించాలి. చిన్న పరిశ్రమైతే సగం చేయాలి, పెద్దదైతే ఒకటిన్నర రెట్లు. ఊరి జనాభా 50 లక్షలు దాటి కోటి లోపుంటే మళ్లీ ఒకటిన్నర రెట్లు. మావాడికి రోజుకు 15,000 రూపాయలు తేలింది. దాన్ని తప్పు సాగిన రోజులతో గుణించాలి. 180 రోజులు, 27 లక్షలు. మావాడి కార్ఖానా మొత్తం అమ్మినా అంత వస్తుందా అని నాకు అనుమానం.

ఆమె రేటు మీద వాదించలేదు. రోజుల మీద వాదించింది. ఆ 180 రోజుల్లో మావాడి అబ్బా జబ్బు పడి గుజరిపోయిన కాలం ఉంది, కార్ఖానా తాళం వేసి ఉంది. కరెంటు బిల్లుల్లో ఆ నెలల్లో కనీస చార్జీ తప్ప యూనిట్లు లేవు. పనివాళ్ల హాజరు పట్టీ కూడా ఖాళీ. 62 రోజులు. అధికారులు బిల్లులు చూసి ఆ రోజులు తీసేశారు. మిగిలింది 118 రోజులు, 17 లక్షల 70 వేలు. కిస్తుల మీద కట్టడానికి ఒప్పుకున్నారు.

ఆ పని చూశాక నాకు ఈ వృత్తి మీద ఉన్న షక్ కొంత తగ్గింది. కొంతే. ఎందుకంటే పాతికేళ్లుగా ఈ కేసులు చదువుతున్న నాకు రెండో రకం వకాలత్ కూడా తెలుసు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్చడి అనే ఊరు. 1980ల చివర్లో అక్కడ హెచ్-యాసిడ్ అనే రంగుల రసాయనం చేసి, 2,440 టన్నుల బురద వదిలేశారు. బావుల నీళ్లు రంగు మారాయి. 1996 ఫిబ్రవరిలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తీర్పు రాశారు, పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు కట్టాలని. కట్టాల్సింది 37 కోట్ల 38 లక్షల 50 వేలని తేలింది. కంపెనీ వాళ్లు కట్టలేదు. అర్జీ మీద అర్జీ, వాయిదా మీద వాయిదా. 2011లో సుప్రీంకోర్టు విసిగిపోయి, 1997 నుంచి 12 శాతం చక్రవడ్డీతో కట్టమన్నది. ఆ వకీళ్లు తమ క్లయింట్‌కి పద్నాలుగేళ్ల మొహలత్ సంపాదించిపెట్టారు. దాని ఖరీదు వడ్డీ పుస్తకంలో చూసుకోవాలి. ఆ ఊరి వాళ్ల ఖరీదు ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఈ రెండు రకాలకీ మధ్యలో ఆంబూర్, వాణియంబాడి ఉన్నాయి. తమిళనాడులో పాలార్ నది ఒడ్డున తోలు శుద్ధి చేసే ఊళ్లు. ఆ కార్ఖానాల్లో చాలావాటికి మాలికులు మనవాళ్లే, తరతరాలుగా తోలు వ్యాపారం చేస్తున్న సాబులు. నాకు ఆ కేసు మీద ప్రత్యేకమైన ఆసక్తి ఉండడానికి అదీ ఒక వజహ్. మా ముహల్లాలో కూడా ఈ మాట వినిపిస్తుంది. చమ్డా మనది, జబీహా మనది, ప్లేటింగ్ మనది, అందుకే చట్టం మన మీద పడుతోందని. తోళ్లకు పట్టించే ఉప్పు, క్రోమియం పాలార్‌లోకి పోయింది నిజం. అక్కడి బావుల నీళ్లు తాగినవాళ్లలో కూడా కలిమా చదివేవాళ్లున్నారు, అదీ నిజం. 1996 ఆగస్టు 28న వచ్చిన తీర్పు ప్రతి తోలు కార్ఖానాకూ 10,000 రూపాయల జుర్మానా వేసింది. కేసు సాగినన్నాళ్లూ మాలికుల వకీళ్లు నీళ్లలో కరిగే లవణాల పరిమితి సరిగా నిర్ణయించలేదని వాదించారు. అది వాదించదగ్గ మాటే. కోర్టు నాగపూర్‌లోని నీరీ సంస్థ చేత పరీక్ష చేయిస్తే పరిమితి సరైనదేనని తేలింది. చివరికి చిన్న కార్ఖానాలకు దారి చూపించింది వాదన కాదు, పదిమంది కలిసి కట్టుకునే ఉమ్మడి శుద్ధి ప్లాంటు. ఒక్కొక్కడు ప్లాంటు పెట్టలేడు, యాభైమంది కలిస్తే పెట్టగలరు. దానికి వాటాలెవరివి, ప్లాంటు చెడిపోతే ఎవరిది జిమ్మేదారీ, ఒకడు ఎక్కువ ఉప్పు పంపితే ఏం చేయాలి... ఇవన్నీ రాసేది కూడా వకీలే. ఇది ఉర్దూ అర్థంలో రాజీనామా. 2025 జనవరిలో కూడా ఆ తోలు కార్ఖానాల మీద సుప్రీంకోర్టు మళ్లీ తీర్పివ్వాల్సి వచ్చిందంటే ప్లాంట్లు కట్టడంతోనే పని అయిపోదని అర్థం.

వకీల్ లేకపోతే కారోబార్ కూడా అన్యాయమైపోయే సందర్భాలుంటాయి. మురాదాబాద్‌లో ఒక ఎగుమతి కంపెనీకి ఎన్జీటీ 50 కోట్లు వేసింది, వాళ్ల టర్నోవర్ చూసి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అమ్మకానికీ చేసిన కాలుష్యానికీ సంబంధం చూపకుండా జుర్మానా వేయకూడదన్నది. అదే నెలలో ఇంకో తీర్పులో, పరిహారం వసూలు చేసే అధికారం కాలుష్య మండళ్లకు ఉందని కూడా చెప్పింది, నియమాలు చేసుకుని, పద్ధతి ప్రకారం చేయాలన్నది. అంటే లెక్క అడిగే హక్ ఇద్దరికీ ఉంది. పెద్ద కంపెనీ ఆ లెక్క అడగగలదు. మావాడి పక్క గల్లీలో ఇంకా ఏడు ప్లేటింగ్ షెడ్లున్నాయి, ఏడుగురికీ అదే కన్సల్టెంట్. వాళ్లలో సగం మంది ఉర్దూ తప్ప చదవలేరు. అనుమతి పత్రం ఇంగ్లీషులో ఉంటుంది, షరతులు మూడు పేజీలు. వాళ్లందరినీ ఒక ఆదివారం కూర్చోబెట్టి, ఆ షరతులు ఉర్దూలో చదివి వినిపించాను. నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఒక పెద్దాయన, "ఇదంతా ముందే రాసుందా?" అని అడిగాడు. ముప్పై ఏళ్లుగా కార్ఖానా నడుపుతున్నాడాయన.

కార్ఖానా యాభై మూడు రోజులు మూతపడింది. పనివాళ్లకు మావాడు సగం జీతమిచ్చాడు, బిహార్ పిల్లల్లో ఇద్దరు తిరిగి రాలేదు. కరెంటు ఇప్పుడు వచ్చింది. క్రోమియం 0.06 అని మొన్నటి రిపోర్టు.

ఫైల్ మొత్తం చదివిన నాకు ఒక్కటి అందలేదు. ఫిర్యాదు చేసిందెవరు? "స్థానికుల ఫిర్యాదు" అని మాత్రమే ఉంది. ముద్దయీ పేరు ఉండాల్సిన చోట ఎవరూ లేరు. కార్ఖానా వెనక నాలా, నాలా అవతల బస్తీ. ఒకరోజు మావాడికి చెప్పకుండానే వెళ్లాను. నాలుగిళ్లు తిరిగాక ఒకామె దొరికింది, నలభై ఏళ్లుంటాయి, బీడీలు చుడుతూ గుమ్మంలో కూర్చుని ఉంది. వాళ్ల బోరు నీళ్లు పసుపుగా వస్తున్నాయని మూడేళ్లుగా చెబుతోందట.

"సంతకం బెట్టిన మేము పన్నెండు మందిమి. ఫ్యాక్టరీ బందైందన్నరు, మల్ల సురువైందన్నరు. మాకెవ్వరూ ఏం జెప్పలే. రోజుకు రెండు క్యాన్లు కొంటున్నం అన్నా, గిదే నీళ్లల్ల బట్టలుతుకుతం."

17 లక్షల 70 వేలలో ఆ గుమ్మం దాకా ఒక్క రూపాయి రాలేదు, ఆమెకు ఆ అంకె కూడా తెలియదు. నేను చెప్పాను. ఎన్జీటీ చట్టం 15వ సెక్షన్ కింద నష్టపోయినవాళ్లు పరిహారం అడగొచ్చని, ఐదేళ్ల గడువు ఉందని, అడిగిన మొత్తంలో ఒక శాతం ఫీజు కట్టాలి గానీ దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు అదీ లేదని. నేను మాట్లాడుతుంటే ఆమె చేతులు ఆగలేదు. ఆ పరిహారం కట్టాల్సినవాడు నా ఖాలా కొడుకని కూడా చెప్పాను. అప్పుడు ఆగాయి. నన్ను కాసేపు చూసి, "మరి నువ్వెందుకు జెప్తున్నవ్?" అన్నది. నా దగ్గర గట్టి జవాబు లేదు. నువ్వు సంతకం పెట్టావు కదా అన్నాను.

సాయంత్రం లాయరమ్మకి ఫోన్ చేశాను, ఈమె కేసు చూస్తారా అని. ఆమె కుదరదన్నది. "మీ తమ్ముడి కాగితాలన్నీ నా దగ్గరున్నాయి. ఆ మెటాబైసల్ఫైట్ బిల్లులు నేను చూశాను. ఇప్పుడు అవతలి పక్క నిలబడలేను. జిల్లా న్యాయసేవల సంస్థకి పంపండి, ఆడవాళ్లకి వకీల్‌ని ఉచితంగా ఇస్తారు. ముందు నీళ్లు గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించమనండి, ఏ రోజు ఏ బోరులో పట్టారో రాసుకోమనండి."

మావాడికి రాత్రి చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "తుమే గయే సో అచ్ఛా కియే యా బురా, మాలూమ్ నై భాయ్" అన్నాడు. తర్వాత వారం రోజులు ఫోన్ చేయలేదు. ఎనిమిదో రోజు చేసి, ఆ ల్యాబ్ ఖర్చు ఎంతవుతుందని అడిగాడు.

నేను ఆ బస్తీకి మళ్లీ పోయేసరికి ఆమె మూడు బోర్ల నీళ్లు మూడు సీసాల్లో పట్టి, మూతల మీద చిట్టీలు అంటించి ఉంచింది. తేదీలు వాళ్ల బిడ్డ రాసిందట, తొమ్మిదో తరగతి. ల్యాబ్ వాళ్లు తమ సీసాల్లో తామే పట్టుకుంటారని చెబితే, సరే, ఎప్పుడొస్తరో ముందే చెప్పమను, ఆ దినం బీడీల కార్ఖానాకు పోను అన్నది.